మీ ఇంటరప్ట్ టేబుల్‌ని మాకు ఫైలుగా ఇవ్వండి: చిప్, బోర్డు కంపెనీల సాఫ్ట్‌వేర్ టీములకు బహిరంగ లేఖ

చిప్పులు, బోర్డులు తయారుచేసే కంపెనీల్లో బోర్డ్ సపోర్ట్ ప్యాకేజీలు చూసే టీములకు, వాళ్ల మేనేజర్లకు,

నమస్కారం. మీరిచ్చే డివైస్ ట్రీ ఫైళ్ల (బోర్డులో ఏ పరికరం ఎక్కడుందో కెర్నెల్‌కి చెప్పే వివరాలు) మీద రోజూ పనిచేసేవాళ్లలో నేనొకణ్ణి. మీ బోర్డు తీసుకుని, మీ డీటీఎస్ ఫైలు (ఆ ట్రీ సోర్సు) కాపీ చేసుకుని, మా ప్రోడక్టుకి తగ్గట్టు మార్చుకుని దాని మీద మా డ్రైవర్లు నడుపుకుంటాం. ఈ లేఖ ఒకే ఒక్క విషయం గురించి. ఆ ఫైళ్లలో ఇంటరప్ట్ నంబర్లు, అంటే పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే లైన్ల నంబర్లు, తప్పుగా వస్తున్నాయి. అవి తప్పని ఏ టూలూ పట్టుకోలేకపోతోంది. పట్టుకోవడానికి కావలసిన సమాచారం మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

మొన్నామధ్య జరిగింది చెబుతాను. ఒక బోర్డు మీద రెండో క్యాన్ (వాహనాల్లో, యంత్రాల్లో వాడే మెసేజ్ బస్సు) కంట్రోలర్ పనిచేయడం లేదు. డ్రైవర్ ప్రోబ్ అయింది (పరికరాన్ని గుర్తించి మొదలైంది), లాగ్‌లో ఎర్రర్ ఒక్కటి లేదు, ఇంటర్‌ఫేస్ లేచింది, మెసేజ్ పంపితే ఆసిలోస్కోప్ మీద వేవ్‌ఫామ్ కూడా శుభ్రంగా కనిపిస్తోంది. కానీ పంపడం పూర్తయిందన్న కబురు డ్రైవర్‌కి అందదు, అవతలి నుంచి వచ్చే మెసేజీ అందదు. కేబుల్ మార్చాం, టెర్మినేషన్ రెసిస్టర్లు కొలిచాం, ట్రాన్స్‌సీవర్ పీకి కొత్తది వేశాం, క్లాక్ లెక్కలు మొదటి నుంచి మళ్లీ వేశాం. పదకొండు రోజులు పోయాయి. చివరికి కెర్నెల్ చూపించే ఇంటరప్ట్ లెక్కల ఫైలు తెరిస్తే, ఆ కంట్రోలర్ వరసలో ప్రతి కోర్ కిందా సున్నా. నాలుగు కోర్లు, నాలుగు సున్నాలు. మాన్యువల్‌లో ఆ కంట్రోలర్‌కి ఎదురుగా 97 అని ఉంది. డీటీఎస్‌లోనూ 97 అనే ఉంది. రెండూ ఒకటే కదా అని అంతకుముందే నలుగురం చూసి, సరిగ్గానే ఉందనుకుని, వేరే చోట వెతకడానికి వెళ్లిపోయాం.

ఆ రెండు 97లూ ఒకటి కావు. ఆర్మ్ చిప్పుల ఇంటరప్ట్ కంట్రోలర్ అయిన జిఐసిలో 0 నుంచి 15 దాకా కోర్లు ఒకదానికొకటి పంపుకునే సాఫ్ట్‌వేర్ ఇంటరప్ట్‌లు, 16 నుంచి 31 దాకా ఒక్కో కోర్‌కి సొంతవి, 32 నుంచి అందరికీ ఉమ్మడిగా ఉండే పెరిఫెరల్ ఇంటరప్ట్‌లు, అంటే ఎస్పీఐలు (ఇక్కడ ఎస్పీఐ అంటే ఆ సీరియల్ బస్సు కాదు, షేర్డ్ పెరిఫెరల్ ఇంటరప్ట్, కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడే మొదటి చోటు ఇదే). ఈ చిప్పు మాన్యువల్ పూర్తి ఐడి ఇస్తుంది. డివైస్ ట్రీలో మాత్రం ఎస్పీఐల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి మాన్యువల్‌లో 97 అంటే డీటీఎస్‌లో 65 రాయాలి. రాసినాయన 32 తీసేయడం మర్చిపోయాడు, అంతే. ఆయన్ని తప్పుపట్టడం లేదు. రెండు వందల లైన్ల టేబుల్‌ని పీడీఎఫ్‌లోంచి కంటితో చదివి, మనసులో తీసివేత చేసి, చేత్తో టైపు చేస్తే ఎవరికైనా ఒకచోట జారుతుంది.

ఇందులో నన్ను నిజంగా భయపెట్టింది ఆ తప్పు అస్సలు చప్పుడు చేయకపోవడం. డీటీఎస్‌లో 97 అంటే అసలు ఐడి 129. ఆ చిప్పులో 129 కూడా పనికొచ్చే లైనే, మేం వాడని ఇంకేదో బ్లాకుకి చెందింది. డ్రైవర్ అడిగింది, కెర్నెల్ ఇచ్చింది, హ్యాండ్లర్ రిజిస్టర్ అయింది. అడిగిన నంబరు ఆ పెరిఫెరల్‌దేనా కాదా అన్నది కెర్నెల్‌కి తెలిసే దారే లేదు, ఎందుకంటే దానికి ఆ విషయం చెప్పేదే డివైస్ ట్రీ.

ఇది 32 ఒక్కదాని గోలా కాదు. కార్టెక్స్-ఎమ్ మైక్రోకంట్రోలర్లలో మొదటి 16 స్థానాలు కోర్ సొంత ఎక్సెప్షన్లవి, కాబట్టి అక్కడ తేడా 16. వెక్టర్ టేబుల్ చూసి రాసినవాడికి ఒక నంబరు వస్తుంది, ఐఆర్‌క్యూ పట్టిక చూసి రాసినవాడికి ఇంకోటి వస్తుంది. రిస్క్-ఫైవ్‌లోని ప్లిక్ కంట్రోలర్‌లో సున్నా అంటే 'ఇంటరప్ట్ ఏదీ లేదు' అని అర్థం, లెక్క 1 నుంచి మొదలు. డివైస్ ట్రీలో ఒక్కో ఇంటరప్ట్‌ని వర్ణించే నాలుగు బైట్ల అంకెల్ని సెల్స్ అంటారు. రెండో సెల్ అర్థం కూడా కంట్రోలర్‌ని బట్టి మారిపోతుంది: జిపిఐఓలో (మామూలు ఇన్‌పుట్-అవుట్‌పుట్ పిన్నులు) అది ట్రిగ్గర్ ఫ్లాగ్, జెఫిర్ ఆర్‌టీఓఎస్‌లో కార్టెక్స్-ఎమ్ ఇంటరప్ట్ కంట్రోలర్ ఎన్‌విఐసి దగ్గర అది ప్రయారిటీ. మీ మాన్యువల్లో పట్టిక పైన 'నంబర్' అని మాత్రమే రాసి వదిలేస్తే, అది ఏ లెక్క ప్రకారం నంబరో చదివేవాడు ఊహించుకోవాల్సి వస్తోంది.

'డీటీసీ ఉంది కదా, స్కీమా ఉంది కదా' అంటారు. ఉన్నాయి, రెండూ మంచి పని చేస్తున్నాయి, రెండిటినీ నేను ప్రతి బిల్డులోనూ నడుపుతాను. డీటీసీ కంపైలర్ ఇంటరప్ట్-పేరెంట్ (ఆ లైను చేరే కంట్రోలర్) ఎవరో వెతికి, ఆ కంట్రోలర్‌కి ఎన్ని సెల్స్ కావాలో చూసి, ఇచ్చిన సైజు దానికి భాగించబడుతుందా అని పరీక్షిస్తుంది. ఇంటరప్ట్ కంట్రోలర్ అని చెప్పుకున్న నోడ్‌లో సెల్స్ సంఖ్య ఉందా లేదా చూస్తుంది. డీటీ-స్కీమా అయితే యామిల్ బైండింగ్‌ని (ఒక పరికరం నోడ్‌లో ఏముండాలో చెప్పే నియమాల ఫైలు) బట్టి ఈ పరికరానికి ఎన్ని ఇంటరప్ట్‌లు ఉండాలి, వాటి పేర్లు ఏ వరసలో ఉండాలి అని చూస్తుంది. కానీ ఇవన్నీ ఆకారం చూసే పరీక్షలు. 65 ఉండాల్సిన చోట 97 ఉంటే రెండూ నోరెత్తవు, ఎత్తలేవు.

ఆకారం పరీక్ష కూడా ఎక్కడ జారిపోతుందో ఒక ఉదాహరణ చూడండి. ఒక సెన్సర్ నుంచి మూడు ఇంటరప్ట్ లైన్లు జిపిఐఓ కంట్రోలర్‌కి వెళ్తున్నాయి. జిపిఐఓకి ఒక్కో ఇంటరప్ట్‌కి రెండు సెల్స్, పిన్ను, ఫ్లాగ్. మొత్తం ఆరు. రాసినవాళ్లు ఇంటరప్ట్-పేరెంట్ లైను పెట్టడం మర్చిపోయారు. అప్పుడు పేరెంట్ కోసం చెట్టు పైకి వెతుక్కుంటూ వెళ్తే రూట్ దగ్గర జిఐసి దొరుకుతుంది. జిఐసికి ఒక్కోదానికి మూడు సెల్స్. ఆరుని మూడు భాగిస్తుంది! మూడు జిపిఐఓ ఇంటరప్ట్‌లు కాస్తా రెండు జిఐసి ఇంటరప్ట్‌లుగా మారిపోతాయి, మొదటి పిన్ నంబరు 'రకం' అయిపోతుంది, మొదటి ఫ్లాగ్ 'నంబరు' అయిపోతుంది. సైజు 24 బైట్లు, 12కి సరిగ్గా గుణిజం, కంపైలర్ కిమ్మనదు. అదే సెన్సర్‌కి ఒక్క లైనే ఉండి ఉంటే 8 బైట్లు వచ్చేవి, 12కి గుణిజం కాదని వెంటనే వార్నింగ్ వచ్చేది. అంటే ఇక్కడ తప్పు దొరకడం, దొరక్కపోవడం లైన్ల సంఖ్యని బట్టి ఉంది. ఆ సెన్సర్ బైండింగ్‌లో కచ్చితంగా మూడు ఇంటరప్ట్‌లు ఉండాలని రాసి ఉంటే స్కీమా పట్టుకుంటుంది. మీ సొంత డ్రైవర్లకి మీరు యామిల్ బైండింగ్ రాయరు. రాయండి, దయచేసి.

ఓవర్‌లేలది, అంటే అసలు ట్రీ మీద అతికించే చిన్న ట్రీలది, ఇంకో కథ. ఓవర్‌లేని విడిగా కంపైల్ చేసినప్పుడు అందులోని పేరెంట్ ఇంకో ఫైల్లో ఉంటుంది కాబట్టి డీటీసీ ఆ ఇంటరప్ట్ పరీక్షని మధ్యలోనే వదిలేస్తుంది. మీరు ఇచ్చే డిస్‌ప్లే ఓవర్‌లేలు, కెమెరా ఓవర్‌లేలు అన్నీ ఈ సందులోంచే బయటికొస్తున్నాయి. ఎఫ్‌డీటీ-ఓవర్‌లే టూల్‌తో బేస్ డీటీబీలో (కంపైలైన ట్రీ) కలిపేసి, కలిపిన ఫైలుని మళ్లీ డీటీసీకి, స్కీమా పరీక్ష నడిపే డీటీ-వాలిడేట్‌కి ఇస్తే పరీక్షలు మామూలుగా నడుస్తాయి. బిల్డు స్క్రిప్టులో రెండు లైన్ల పని.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఇంటరప్ట్-మ్యాప్ (కార్డు ఇంటరప్ట్ పిన్ను ఏ కంట్రోలర్ లైనుకి వెళ్తుందో చెప్పే పట్టిక) దగ్గర నేను పడ్డ అవస్థ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ కళ్లు మూసుకుని కాపీ కొట్టే ప్రాపర్టీ అదే. ఒక్కో వరసలో ముందు పిల్ల పరికరం అడ్రసు మూడు సెల్స్, తర్వాత పిన్ నంబరు, 1 నుంచి 4 దాకా, అంటే ఐఎన్‌టీ-ఏ నుంచి డీ దాకా, తర్వాత పేరెంట్ ఫ్యాండిల్ (ఆ నోడ్‌ని సూచించే నంబరు), తర్వాత పేరెంట్ అడ్రసు, ఆపైన పేరెంట్ ఇంటరప్ట్ సెల్స్. ఆ పేరెంట్ అడ్రసు ఎన్ని సెల్స్ అన్నది జిఐసి నోడ్‌లో ఉన్న అడ్రస్-సెల్స్ చెబుతుంది. పాత చిప్పులో అది సున్నా, కాబట్టి వరసలో ఆ భాగమే ఉండదు. కొత్త చిప్పులో జిఐసి కింద ఐటీఎస్ (మెసేజ్ ఇంటరప్ట్‌లు చూసే భాగం) అనే పిల్ల నోడ్ చేరింది, దానికి అడ్రసు రాయాలి కాబట్టి జిఐసిలో అడ్రస్-సెల్స్ 2 అయింది. ఆ క్షణం నుంచి మ్యాప్‌లోని ప్రతి వరసలోనూ ఫ్యాండిల్ పక్కన రెండు సున్నాలు చేరాలి. ఎవరూ చేర్చలేదు. ఇంకెక్కడో ఒక నోడ్ కలిపితే, ముట్టుకోని ఇంకో నోడ్‌లో నాలుగు వరసలూ పక్కకి జరిగిపోయాయి: రకం, నంబరు అడ్రసులో కలిసిపోయాయి, ట్రిగ్గర్ ఫ్లాగ్ వచ్చి రకం చోట కూర్చుంది.

మరి ఇది టెస్టింగ్‌లో ఎందుకు దొరకలేదు? మామూలు ఎన్‌విఎమ్‌ఈ డ్రైవులు, నెట్‌వర్క్ కార్డులు ఎమ్ఎస్ఐ (వైరు బదులు మెమరీకి రాసి పంపే ఇంటరప్ట్) వాడతాయి, వాటికి ఈ మ్యాప్‌తో పనే లేదు. పాత పద్ధతి ఇంటరప్ట్ మాత్రమే తెలిసిన కార్డు ఒకటి మా కస్టమర్ పెట్టేదాకా రెండు రిలీజులు అలాగే వెళ్లిపోయాయి. కెర్నెల్ కమాండ్ లైనులో ఎమ్ఎస్ఐ వద్దని చెప్పే ఆప్షన్ ఉంది. ఒక్కసారి అలా బూట్ చేసి డ్రైవు చదివి చూస్తే పది నిమిషాల్లో బయటపడేది. డీటీసీలో ఇప్పుడు ఇంటరప్ట్-మ్యాప్ పరీక్ష కూడా ఉంది. మీ కెర్నెల్ పాతది కావడం వల్లో, వార్నింగులు ఎక్కువొస్తున్నాయని ఫ్లాగ్ పెట్టి నోరు నొక్కేయడం వల్లో అది నడవడం లేదు. ఆ ఫ్లాగులు తీసేయండి.

ట్రిగ్గర్ రకం తప్పయితే వచ్చే బాధ వేరు. అది ఒక రోజు పనిచేస్తుంది, ఒక రోజు చేయదు. ఒక టచ్ ప్యానెల్ చిప్పు, డేటా ఉన్నంతసేపూ లైనుని కిందికి లాగి పట్టుకుంటుంది, చదివేశాక వదిలేస్తుంది. అంటే 'లెవెల్ లో' (లైను కింద ఉన్నంతసేపూ మోగే రకం). బోర్డుతో వచ్చిన డీటీఎస్‌లో ఫాలింగ్ ఎడ్జ్ అని ఉంది. టేబుల్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది. బయటికెళ్లాక, బూట్ అవుతున్నప్పుడే ఎవరైనా తెర మీద వేలు పెట్టారనుకోండి, డ్రైవర్ లేచేసరికి లైను అప్పటికే కింద ఉంది, కిందికి దిగిన ఆ ఎడ్జ్ అప్పటికే అయిపోయింది. డ్రైవర్ ఎడ్జ్ కోసం చూస్తూ ఉంటుంది, చిప్పు తన డేటా ఎవరైనా చదువుతారని లైను పట్టుకుని ఉంటుంది, రీబూట్ చేసేదాకా టచ్ చచ్చినట్టే. ప్యానెళ్లు వెనక్కొచ్చాయి. ఒక్కదానిలోనూ హార్డ్‌వేర్ లోపం లేదు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. పొలారిటీ తారుమారై, ఖాళీగా ఉన్న లైనుని ఎప్పుడూ మోగుతున్నట్టు రాస్తే, హ్యాండ్లర్ వచ్చి 'ఇది నాది కాదు' అంటుంది, వెంటనే మళ్లీ మోగుతుంది. లినక్స్ లక్ష ఇంటరప్ట్‌లు లెక్కపెట్టి, అందులో 99,900 కంటే ఎక్కువ ఎవరూ పట్టించుకోనివైతే 'నోబడీ కేర్డ్' అని రాసి ఆ లైనుని మూసేస్తుంది. ఆ లైను మీద ఇంకో పరికరం కూడా ఉంటే, తన తప్పేమీ లేకుండా అదీ మూగబోతుంది. జిఐసి ఎస్పీఐలు లెవెల్ హై, రైజింగ్ ఎడ్జ్ తప్ప ఇంకేదీ ఒప్పుకోవు కాబట్టి అక్కడ 'లెవెల్ లో' అని రాస్తే కనీసం డ్రైవర్ అడిగినప్పుడే ఎర్రర్ వస్తుంది. చాలా జిపిఐఓ కంట్రోలర్లకి ఆ కాపలా లేదు, నాలుగు రకాలూ తీసుకుంటాయి.

ఇప్పటిదాకా చెప్పినవి ఎప్పటికో ఒకప్పటికి దొరికే తప్పులు. నాకు నిద్రపట్టనివ్వనివి వేరే ఉన్నాయి. వాచ్‌డాగ్ రీసెట్ చేసే ముందు ఇచ్చే హెచ్చరిక ఇంటరప్ట్, మెమరీలో సరిదిద్దలేని ఈసీసీ ఎర్రర్ వస్తే మోగే ఇంటరప్ట్, చిప్పు వేడెక్కిపోతే వచ్చే థర్మల్ ఇంటరప్ట్, పవర్ పోతోందని పవర్ చిప్పు పీఎమ్ఐసీ చెప్పే ఇంటరప్ట్. వీటికి లెక్కల ఫైల్లో సున్నా ఉండటమే మామూలు. క్యాన్ కంట్రోలర్ వరసలో సున్నా చూడగానే అనుమానం వచ్చింది. థర్మల్ వరసలో సున్నా చూసి అంతా చల్లగా ఉందనే అనుకుంటాం. నంబరు తప్పయితే ఆ విషయం బయటపడేది ఆ ఇంటరప్ట్ నిజంగా కావలసిన రోజునే. టెస్టు చేయండి అంటారా, ఈసీసీ ఎర్రర్ పుట్టించే సౌకర్యం అన్ని చిప్పుల్లో ఉండదు, ఉన్నచోట దాని వివరాలు మాకివ్వరు. జిఐసి రిజిస్టర్‌లో పెండింగ్ బిట్ రాసి ఇంటరప్ట్ వచ్చినట్టు చేయొచ్చు గానీ, దానివల్ల ఆ నంబరు నుంచి హ్యాండ్లర్ దాకా దారి బాగుందని మాత్రమే తెలుస్తుంది. సెన్సర్ నుంచి ఆ నంబరు దాకా వైరు ఉందా అన్నది తేలదు. కొంతమంది ఇంజనీర్లు ఈ పరీక్ష చేసి సరిపోయిందని సంతకం పెట్టేయడం చూశాను. అది పొరపాటు.

ఇలాంటి లైన్లకి మిగిలింది ఒక్కటే దారి: డీటీబీలో ఉన్న ప్రతి నంబరునీ అసలు టేబుల్‌తో మెషిన్ చేత పోల్చి చూడటం. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ టేబుల్ మాకు ఫైలుగా ఇవ్వండి.

అది మీ దగ్గర ఉందని మాకు తెలుసు. చిప్పులో ఏ బ్లాకు నుంచి వచ్చే ఇంటరప్ట్ వైరు కంట్రోలర్‌లో ఏ ఇన్‌పుట్‌కి వెళ్తుందో డిజైన్ టీము దగ్గర స్ప్రెడ్‌షీటుగానో, ఆర్‌టీఎల్ (చిప్పు డిజైన్ కోడ్) పుట్టించే స్క్రిప్టుకి ఇన్‌పుట్‌గానో ఉండే తీరుతుంది, లేకపోతే చిప్పే తయారుకాదు. దాన్ని మీరు పీడీఎఫ్ చేస్తారు. మేం ఆ పీడీఎఫ్‌ని మళ్లీ నంబర్లు చేసుకుంటాం. మధ్యలో ఎవరి కన్నో జారుతుంది. ఆ మొదటి ఫైలుని నేరుగా ఇస్తే మధ్యలో మనిషి కంటితో పనే ఉండదు. రహస్యమని అనకండి, అవే నంబర్లు మాన్యువల్‌లో అచ్చేశారు కదా.

కొత్త సంగతేమీ అడగడం లేదు. ఆర్మ్ మైక్రోకంట్రోలర్లకి సీఎంసిస్-ఎస్‌వీడీ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంది, అందులో రిజిస్టర్లతో పాటు ప్రతి పెరిఫెరల్ కిందా ఇంటరప్ట్ పేరు, నంబరు రాసే చోటు ఉంది. ఆ చిన్న చిప్పులకి ఇస్తున్నది లినక్స్ నడిచే పెద్ద చిప్పులకి ఎందుకివ్వరు? ఫార్మాట్ గురించి నాకు పట్టింపు లేదు, సీఎస్‌వీ అయినా చాలు. బ్లాకు పేరు, ఎన్నో ఇన్‌స్టాన్స్, సిగ్నల్ పేరు, ఏ కంట్రోలర్, ఆ కంట్రోలర్ దగ్గర నంబరు, ఆ నంబరు ఎక్కడి నుంచి లెక్కపెట్టింది, లెవెలా ఎడ్జా, పొలారిటీ ఏమిటి, ఏ సిలికాన్ రివిజన్‌కి వర్తిస్తుంది. ఒక్కటే గట్టిగా అడుగుతాను: బ్లాకు బేస్ అడ్రస్ కూడా అదే వరసలో ఉండాలి. డీటీఎస్‌లో నోడ్ పేర్లు మీ మాన్యువల్ పేర్లతో ఎప్పుడూ సరిపోవు, అడ్రసు మాత్రం సరిపోతుంది. దాన్ని పట్టుకునే ఏ నోడ్ ఏ వరసో జత కలపొచ్చు.

బోర్డు కంపెనీల వాళ్లకి కూడా ఒక మాట. చిప్పు బయట ఉన్న టచ్, పీఎమ్ఐసీ, సెన్సర్, ఈథర్‌నెట్ ఫై లాంటివి ఏ జిపిఐఓకి వెళ్తున్నాయో చిప్ కంపెనీకి తెలియదు, మీ స్కీమాటిక్‌కే తెలుసు. నెట్‌లిస్ట్ (ఏ పిన్ను ఏ పిన్నుకి కలిసిందో చెప్పే జాబితా) నుంచి ఆ నాలుగు కాలమ్‌లు తీసి ఇవ్వండి: నెట్ పేరు, పరికరం పిన్ను, ఎస్‌ఓసీ (ప్రధాన చిప్పు) పిన్ను, మధ్యలో ఇన్వర్టర్ గానీ లెవెల్ షిఫ్టర్ గానీ ఉందా. ఆ ఇన్వర్టర్ సంగతి మర్చిపోకండి. డేటాషీట్‌లో యాక్టివ్ లో అని ఉన్నది బోర్డు మీద యాక్టివ్ హై అయ్యేది అక్కడే, అది డీటీఎస్ రాసేవాడికి స్కీమాటిక్ ఏడో పేజీలో మూలన ఎక్కడో కనిపిస్తుంది.

పోల్చే పని మీరు చేయకపోయినా మేం చేసుకుంటాం. లిబ్‌ఎఫ్‌డీటీ లైబ్రరీతో డీటీబీ తెరిచి, ఒక్కో నోడ్‌కి పేరెంట్ ఎవరో పైకి నడిచి కనుక్కుని, సెల్స్ విడగొట్టి, మ్యాప్ ఉంటే అందులోంచి దాటించి, వచ్చిన నంబరుని టేబుల్‌తో పోల్చే పైథాన్ స్క్రిప్టు నేను రాసుకున్నాను, నాలుగు వందల లైన్లు కూడా లేదు. ఒక చిప్పుకి మాన్యువల్‌లోంచి టేబుల్ చేత్తో ఎక్కించి నడిపితే మూడు తప్పులు దొరికాయి. ఎక్కించడంలో నేను చేసిన తప్పులు రెండు దొరికాయి. అందుకే చేత్తో ఎక్కించిన టేబుల్ మీద నాకు నమ్మకం లేదు, మీ దగ్గరి నుంచి రావాలంటున్నాను. ఆ స్క్రిప్టు మీకు ఉచితంగా ఇస్తాను, మీ రిలీజ్ బిల్డులో పెట్టుకోండి, ఏ షరతూ లేదు.

వచ్చే రిలీజుకి అన్ని చిప్పులూ అడగడం లేదు. ఇప్పుడు ఎక్కువ అమ్ముడవుతున్న ఒక్క చిప్పుకి టేబుల్ ఫైలు, ఆ చిప్పు బోర్డులన్నిటికీ ఓవర్‌లేలు కలిపి నడిపిన డీటీసీ, స్కీమా లాగులు, వార్నింగులు దాచకుండా ప్యాకేజీలో పెట్టండి. వార్నింగులు ఐదొందలున్నా పరవాలేదు. తప్పులు దిద్దిన డీటీఎస్ ప్యాచ్‌లు మేం మీకు పంపిస్తాం.

ఇట్లు,
మీ డివైస్ ట్రీలతో రోజూ పనిచేసే ఒక ఎంబెడెడ్ ఇంజనీర్